కంప్యూటర్ కబుర్లు: గోడ జరపాలా, గది సర్దాలా?



ఈ శీర్షికలో చర్చించవలసిందిగా మన ఉద్యోగ కుటుంబాల వారు కోరే విషయాలలో ఒకటి మాటిమాటికీ తిరిగి వస్తూ ఉంటుంది. కంప్యూటరు తెరచి చూడగా సి డ్రైవు గీత ఎర్రబడి ఉంటుంది. చోటు చాలదని హెచ్చరిక వస్తుంది. ప్రక్కనే ఉన్న డి డ్రైవులో మాత్రం సగానికి పైగా ఖాళీగా కనిపిస్తుంది. ఒకే డిస్కులో ఒక ప్రక్క ఇరుకు, మరొక ప్రక్క విశాలం. ఆ ఖాళీని ఇటు తెచ్చుకొనే ఉపాయం లేదా అన్నదే వారి ప్రశ్న.

సూరత్‌లో నివసించే మన కుటుంబాలకు ఈ ప్రశ్న మరికొంత దగ్గరిది. ఇది వస్త్ర నగరం. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి తరలివచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారు ఇక్కడ తరాలుగా ఉన్నారు. బదిలీలపై వచ్చి నాలుగైదేళ్ళుండి వెళ్ళేవారూ ఉన్నారు. ఇంటిలో ఉన్న ఒక్క కంప్యూటరుపైనే పిల్లల పాఠాలు, ఇంటి లెక్కలు, చీరల డిజైన్లు, స్వగ్రామంలో జరిగిన పెళ్ళిళ్ళ వీడియోలు, బతుకమ్మ పండుగనాటి ఫోటోలు, ఇప్పుడు మన మధ్య లేని పెద్దల కంఠస్వరాలు అన్నీ చేరి ఉంటాయి. హార్డ్ డిస్కు చెడిపోతే బజారులో మరొకటి దొరుకుతుంది. తాతగారి గొంతు ఏ బజారులోనూ దొరకదు. కాబట్టి ఈ పనిని యంత్రానికి సంబంధించినదిగా కాక, ఇంటి ఆస్తికి సంబంధించినదిగా భావించి మొదలుపెట్టడం శ్రేయస్కరం.

సమాధానం ముందుగా చెబుతాను. డి డ్రైవులోని చోటును సి డ్రైవుకు తేవచ్చును. కాని పది ఇళ్ళలో ఎనిమిదింటికి ఆ అవసరమే రాదని నా అనుభవం. తప్పనిసరి అయిన చోట కూడా ఒక క్రమం పాటించాలి: మొదట శుభ్రం చేయడం, తరువాత సామాను మార్చడం, ఆపైన నకలు తీయడం, చిట్టచివర గోడ జరపడం. మనలో చాలమంది చివరి పనిని మొదట చేయబోయి చిక్కుల్లో పడుతున్నారు.

ఈ గోడలు ఎందుకు వచ్చాయి?

1956లో ఐబీఎం సంస్థ తయారుచేసిన తొలి డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళెములు 50 ఉండేవి. అన్నీ కలిసి దాచగలిగినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేటి సెల్‌ఫోన్‌తో తీసిన ఒకటి రెండు ఫోటోలకు అది సరిపోతుంది. 1983లో అదే సంస్థ విడుదల చేసిన పీసీ ఎక్స్‌టీ అనే చిన్న కంప్యూటరులో 10 ఎం.బి. డిస్కు ఉండేది. ఒకే డిస్కుపై ఒకటికి మించిన ఆపరేటింగ్ సిస్టములు ఇమిడేందుకు వీలుగా, దానిని నాలుగు భాగాల వరకు విభజించే పట్టిక అప్పుడే వాడుకలోకి వచ్చింది. ఈ భాగాలనే పార్టిషన్లు అంటున్నాము. ఏ, బీ అనే అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు కేటాయించబడి ఉన్నందున హార్డ్ డిస్కుకు సి అనే అక్షరం దక్కింది. ఫ్లాపీలు పోయినా ఆ అక్షరం మారలేదు.

1990వ దశకంలో విభజనకు మరొక కారణం తోడయింది. నాటి డాస్, విండోస్ 95 వాడిన ఫ్యాట్-16 పద్ధతిలో ఒక్కొక్క పార్టిషన్ 2 జి.బి.కి మించరాదు. అంతకంటె పెద్ద డిస్కు కొన్నవారు దానిని సి, డి, ఇ అని ముక్కలు చేయక తప్పేది కాదు. పైగా 1 జి.బి. దాటిన పార్టిషన్‌లో ప్రతి ఫైలుకు 32 కె.బి. చొప్పున చోటు కేటాయింపబడేది. రెండు వాక్యాల ఉత్తరమైనా 32 కె.బి. ఆక్రమించవలసినదే. చిన్న పార్టిషన్లలో ఈ వృథా తగ్గేది. 1996లో ఫ్యాట్-32 వచ్చిన పిదప ఈ ఇబ్బంది తొలగింది. నేటి విండోస్ కంప్యూటర్లు వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఈ సమస్య లేనే లేదు.

కారణం పోయినా అలవాటు మిగిలింది. నేటికీ కంప్యూటరు అమర్చి ఇచ్చేవారు కొందరు సి డ్రైవుకు 100 జి.బి. ఇచ్చి, మిగిలినదంతా డి అని రాసి అప్పగిస్తున్నారు. కొన్ననాడు 100 జి.బి. ధారాళమే. విండోస్ పెరుగుతూ, అప్‌డేట్లు చేరుతూ, పిల్లల ఫోన్ల నుండి ఫోటోలు దిగుతూ పోగా నాలుగేళ్ళకు అది ఇరుకవుతుంది.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకుందాం. 500 జి.బి. అని కొన్న డిస్కు 465 అని మాత్రమే కనబడుతున్నదేమని అడుగుతుంటారు. దుకాణదారు మోసగించలేదు. తయారీదారు జి.బి. అంటే 100 కోట్ల బైట్లని లెక్కిస్తాడు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కిస్తుంది. ఆ భేదం వలన 500 కాస్తా 465గాను, ఒక టి.బి. కాస్తా 931 జి.బి.గాను కనబడుతుంది. పోయిన చోటు ఏదీ లేదు, వెదకనక్కరలేదు.

ఖాళీ కూడా ఒక అవసరమే

చోటు ఉన్నది నింపడానికే కదా, చివరి వరకు నింపితే తప్పేమిటి? మన ఊరి జలాశయమే దీనికి జవాబు చెబుతుంది. సూరత్‌కు సుమారు 94 కిలోమీటర్ల ఎగువన తపతీ నదిపై 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట ఉన్నది. దాని పూర్తి నీటిమట్టం 345 అడుగులు. అయినప్పటికీ వర్షాకాలం ఆరంభంలోనే అంత ఎత్తుకు నింపరు. ఏ తేదీకి ఎంత మట్టం ఉండవలెనో నియమం ఏర్పరచుకొని, ఎగువ నుండి రాబోయే వరదకు చోటు మిగులుస్తారు. 2006 ఆగస్టులో వరద ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు దానిని ఇముడ్చుకొనేందుకు ఆ ఖాళీ చాలలేదు. సుమారు 9 లక్షల క్యూసెక్కుల వరకు నీటిని క్రిందికి విడువవలసి వచ్చింది. నగరంలో అధిక భాగం నీట మునిగింది. ఆనాడు ఇక్కడ ఉన్నవారికి ఆ రోజులు వేరే చెప్పనక్కరలేదు.

సి డ్రైవుకు కూడా అటువంటి ఖాళీ కావాలి. పని చేస్తున్నంత సేపూ విండోస్ తాత్కాలిక ఫైళ్ళను సృష్టించుకుంటూ ఉంటుంది. మెమరీ చాలనప్పుడు డిస్కులో కొంత భాగాన్ని మెమరీకి బదులుగా వాడుకుంటుంది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు పాత ప్రతిని, క్రొత్త ప్రతిని కొంతకాలం రెండింటినీ ఉంచుకుంటుంది. నేడు సర్వసాధారణమైన ఎస్.ఎస్.డి. డిస్కులు ఖాళీ అరల మధ్య వ్రాత పనిని పంచుకుంటూ తమ ఆయువు కాపాడుకుంటాయి. పూర్తిగా నింపితే వేగమూ తగ్గుతుంది, అరుగుదలా పెరుగుతుంది. సి డ్రైవులో ఐదింట ఒక వంతు ఖాళీగా ఉంచుకొనడం మంచి నియమం.

కంటికి కనబడని చిన్న విభాగాలకూ ఇది వర్తిస్తుంది. విండోస్ పాడైనప్పుడు బాగుచేసేందుకు రికవరీ అనే చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 కొరకు విడుదల చేసిన ఒక భద్రతా అప్‌డేట్ అమరవలెనంటే ఆ పార్టిషన్‌లో 250 ఎం.బి. ఖాళీ ఉండవలసి వచ్చింది. అది లేని కంప్యూటర్లలో అప్‌డేట్ దోష సంఖ్య చూపి ఆగిపోయింది. సి డ్రైవును 250 ఎం.బి. మేరకు తగ్గించి, ఆ చోటును రికవరీకి కలుపుకొనవలసిందిగా ఆ సంస్థయే సూచించింది. గోడ జరపడం నిజముగా అవసరమైన సందర్భానికి ఇది ఉదాహరణ.

మొదటి మెట్టు: శుభ్రం చేయడం

ఒక నమూనా లెక్క తీసుకుందాం. 465 జి.బి. డిస్కులో సి డ్రైవు 100, డి డ్రైవు 364. మిగిలినది చిన్న విభాగాలది. సి లో 3 జి.బి. మాత్రమే ఖాళీ, డి లో 200 ఖాళీ.

ముందుగా రీసైకిల్ బిన్ తెరవండి. తొలగించామనుకున్న ఫైళ్ళు అందులోనే కూర్చుని ఉంటాయి. ఒక్కొక్క ఫైలు చూసుకొని, అక్కరలేదని నిశ్చయించుకున్న తరువాతనే ఖాళీ చేయండి. మన లెక్కలో ఇక్కడ 5 జి.బి. దొరికిందనుకుందాం.

తరువాత సెట్టింగ్స్‌లోని సిస్టమ్, అందులో స్టోరేజ్ అనే భాగానికి వెళ్ళండి. ఏ రకం ఫైళ్ళు ఎంత చోటు ఆక్రమించాయో అక్కడ పట్టిక కనబడుతుంది. టెంపరరీ ఫైల్స్ అన్న పేరు నొక్కితే తొలగించదగిన వాటి జాబితా వస్తుంది. అప్‌డేట్ల శేషాలు, తాత్కాలిక ఫైళ్ళు నిర్భయంగా తొలగించవచ్చును. మన లెక్కలో 9 జి.బి. వచ్చిందనుకుందాం. అయితే ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా ఉంటుంది. దానికి టిక్కు పెడితే డౌన్‌లోడ్స్ ఫోల్డరులోని సమస్తం పోతుంది. పిల్లవాని పరీక్ష హాల్ టికెట్టు, ఆసుపత్రి రిపోర్టు, బ్యాంకు పత్రం సాధారణంగా అక్కడే ఉంటాయి. కాబట్టి ఆ గడిని ఖాళీగా వదలి, డౌన్‌లోడ్స్ ఫోల్డరును స్వయంగా తెరచి, పెద్ద ఫైళ్ళు పైకి వచ్చేలా అమర్చుకొని, ఒక్కొక్కటి పరిశీలించి తొలగించండి. ఒకే వీడియో మూడు పేర్లతో మూడుసార్లు దిగి ఉండడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. ఇక్కడ మరొక 14 జి.బి. దొరికిందనుకుందాం.

విండోస్ క్రొత్త వెర్షన్‌కు మారిన తరువాత పాత విండోస్ యావత్తు ఒక ఫోల్డరులో నిలువ ఉంటుంది. సాధారణంగా 10 రోజుల పిమ్మట అది దానంతట అదే తొలగిపోతుంది. ముందే తొలగించవచ్చును గాని, అట్లు చేస్తే పాత వెర్షన్‌కు మరలే దారి మూసుకుపోతుంది.

మూడు హెచ్చరికలు. పెన్ డ్రైవులో తొలగించిన ఫైలు రీసైకిల్ బిన్‌కు రాదు. వన్‌డ్రైవ్‌తో అనుసంధానమైన ఫోల్డరులో ఫైలును తొలగిస్తే అది ఆన్‌లైన్ ప్రతి నుండి, ఇతర కంప్యూటర్ల నుండి కూడా తొలగిపోతుంది. ఇక మూడవది, ఎస్.ఎస్.డి.లో తొలగించిన దానిని తిరిగి రాబట్టడం బహు దుర్లభం. పాత హార్డ్ డిస్కులలో తొలగించిన ఫైలు పైన మరొకటి వ్రాయబడే వరకు లోపల మిగిలే ఉండేది. ఎస్.ఎస్.డి. ఆ అరలను తానే త్వరగా తుడిచివేస్తుంది.

రెండవ మెట్టు: సామాను మార్చడం

విండోస్‌లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ అనే ఫోల్డర్లు పుట్టుకతో సి డ్రైవులోనే ఉంటాయి. వాటిని డి డ్రైవుకు మార్చే సదుపాయం విండోస్‌లోనే ఉన్నది. డి లో ముందుగా పిక్చర్స్ అనే క్రొత్త ఫోల్డరు సృష్టించుకోండి. సి లోని పిక్చర్స్‌పై మౌసు కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్ తెరచి, లొకేషన్ అనే భాగంలో మూవ్ అన్నది నొక్కి, డి లోని ఆ ఫోల్డరును చూపండి. డి అని మాత్రం చూపి ఊరకుంటే డ్రైవు మొత్తం పిక్చర్స్‌గా మారి చిక్కు వస్తుంది. పాత ఫైళ్ళను కూడా తరలించాలా అని అడిగినప్పుడు అవునని చెప్పండి. ఇకపై క్రొత్త ఫోటోలు కూడా నేరుగా డి లోకే చేరుతాయి. ఈ ఫోల్డరు వన్‌డ్రైవ్ రక్షణలో ఉంటే ముందుగా ఆ రక్షణను నిలిపివేయవలసి ఉంటుంది.

మన లెక్కలో ఫోటోలు, వీడియోలు కలిపి 30 జి.బి. తరలినవనుకుంటే, సి లో ఖాళీ ఇప్పుడు 3, 5, 9, 14, 30 కలిసి 61 జి.బి. నూటికి అరవై వంతులు ఖాళీ అయినవి. గోడ అంగుళమైనా జరగలేదు. చాల ఇళ్ళలో పని ఇక్కడితో ముగుస్తుంది.

ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ అనే ఫోల్డర్లను మాత్రం ఇట్లా మోసుకుపోరాదు. సాఫ్ట్‌వేరు తన చిరునామాను పలుచోట్ల నమోదు చేసుకుని ఉంటుంది. ఫోల్డరు మారితే అది పని చేయదు. చీరల డిజైన్ సాఫ్ట్‌వేరును డి లో ఉంచదలిస్తే, ముందు తొలగించి, తిరిగి అమర్చేటప్పుడు డి చిరునామా ఇవ్వాలి.

మూడవ మెట్టు: నకలు తీయడం

ఇక్కడ పాఠకులు ఒక్కక్షణం నిలిచి చదవవలసిందిగా కోరుతున్నాను. "నా ఫోటోలు సి లోనూ ఉన్నాయి, డి లోనూ ఉన్నాయి, కాబట్టి భయం లేదు" అని చాలమంది అనుకుంటారు. సి, డి అనేవి రెండు డిస్కులు కావు. ఒకే డిస్కుపై గీసుకున్న గీతకు ఇరువైపుల ఉన్న భాగాలు. డిస్కు చెడిపోతే రెండూ ఒకేసారి పోతాయి. బియ్యాన్ని ఒకే ఇంటిలోని రెండు డబ్బాలలో పోసుకుని, ఇల్లు మునిగితే ఒక డబ్బా మిగులుతుందనుకొనడం వంటిది అది.

కావున ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుపై డి లోని సమస్తాన్ని, సి లో మిగిలిన స్వంత ఫైళ్ళను కాపీ చేయండి. కాపీ అయినదని తెరపై వచ్చిన మాటతో తృప్తిపడవద్దు. అక్కడి నుండి పది ఫైళ్ళు తెరచి చూడండి. ఒక ఫోటో, ఒక పత్రం, ఒక వీడియో చివరి నిమిషం వరకు. తరువాత ఆ డిస్కును కంప్యూటరు నుండి విడదీసి వేరుగా భద్రపరచండి. 2006 వరద ఇళ్ళ క్రింది అంతస్తులను ముంచినప్పుడు ఒకే గదిలో ఉన్న అసలు, నకలు రెండింటికీ ఒకటే గతి పట్టే ప్రమాదం ఉన్నదని ఈ నగరం నేర్చుకున్నది. వీలైతే మరొక ప్రతిని స్వగ్రామంలోని అన్నదమ్ముల ఇంట ఉంచండి. లేదా ఆన్‌లైన్‌లో దాచండి.

డిస్కు నుండి టకటకమని శబ్దం వస్తున్నా, ఫైళ్ళు తెరచుకొనడంలో అకారణ జాప్యం జరుగుతున్నా గోడ జరిపే ఆలోచన పూర్తిగా మానుకోండి. అటువంటి డిస్కు నుండి ముఖ్యమైనవి ముందుగా కాపీ చేసుకొని, డిస్కునే మార్చండి.

నాలుగవ మెట్టు: గోడ జరపడం

ఒకప్పుడు పార్టిషన్ పరిమాణం మార్చాలంటే అన్నిటినీ తుడిచి మళ్ళీ మొదటి నుండి కట్టుకోవలసి వచ్చేది. 1990వ దశకంలో పవర్‌క్వెస్ట్ అనే అమెరికా సంస్థ రూపొందించిన పార్టిషన్ మ్యాజిక్, ఫైళ్ళు పోకుండా గోడ జరిపే సౌకర్యం కల్పించి పేరు పొందింది. 2007లో వినియోగదారులకు అందిన విండోస్ విస్టా నుండి తగ్గించే, పెంచే సదుపాయం విండోస్‌లోనే చేరింది. స్టార్ట్ మీటపై మౌసు కుడి మీట నొక్కితే కనబడే డిస్క్ మేనేజ్‌మెంట్ అదే.

దాని నియమం ఒకటి తెలియకనే అనేకులు తికమకపడుతున్నారు. ఒక విభాగాన్ని పెంచాలంటే ఖాళీ చోటు దానికి వెంటనే కుడివైపున, ఆనుకొని ఉండాలి. డి ని తగ్గిస్తే మిగిలే చోటు డి కి కుడివైపున ఏర్పడుతుంది. సి కి, ఆ చోటుకు మధ్య డి అడ్డుగా ఉంటుంది. అందుచేత సి ని పెంచే మీట వెలవెలబోయి, నొక్కినా పలకదు. మన యంత్రంలో లోపం లేదు, చోటు ఆనుకొని లేదు. అంతే.

అందుకు విండోస్‌తోనే చేయదగిన సురక్షితమైన క్రమం ఇది.

ఒకటి: డి లోని సమస్తం బయటి డిస్కుకు కాపీ అయి, తెరచి చూసినట్లు నిర్ధారించుకోండి. ఆ బయటి డిస్కును ఊడదీయండి. డి లో అమర్చిన సాఫ్ట్‌వేరు ఏదైనా ఉంటే, అది మళ్ళీ అమర్చవలసి రావచ్చునని గ్రహించండి. పిక్చర్స్ వంటి ఫోల్డర్లను డి కి మార్చి ఉంటే, వాటి చిరునామాను తాత్కాలికంగా సి కి మరల్చుకోండి.

రెండు: బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే తాళం మీ కంప్యూటరులో ఉన్నదేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీ అనే 48 అంకెల సంఖ్యను కాగితంపై వ్రాసి భద్రపరచుకుని, ఆ పని ముగిసే వరకు తాళాన్ని నిలిపి ఉంచండి. ఆ సంఖ్య లేకుంటే మీ ఇంటి తలుపు మీకే తెరుచుకోని పరిస్థితి రావచ్చును.

మూడు: సి డ్రైవు ప్రాపర్టీస్‌లో టూల్స్ అనే భాగం నుండి దోష పరీక్ష చేయించండి. లాప్‌టాప్ అయితే చార్జరు తగిలించండి. డెస్క్‌టాప్ అయితే యు.పి.ఎస్. ఉన్నప్పుడే పూనుకోండి. నడుమ విద్యుత్తు పోవడమే ఈ పనికి పరమశత్రువు.

నాలుగు: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి పై కుడి మీట నొక్కి డిలీట్ వాల్యూమ్ ఎన్నుకోండి. ఈ క్షణం నుండి డి లోనివి పోయినట్లే భావించాలి. అక్షరం సరిచూసుకున్నాకనే అవునని చెప్పండి.

ఐదు: సి పై కుడి మీట నొక్కి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఎన్నుకోండి. ఎంత కావాలో ఎం.బి.లలో అడుగుతుంది. 50 జి.బి. కావాలంటే 51,200 అని ఇవ్వాలి. అనగా 50ని 1024తో హెచ్చవేయాలి.

ఆరు: మిగిలిన ఖాళీపై న్యూ సింపుల్ వాల్యూమ్ ఎన్నుకొని, తిరిగి డి అనే అక్షరమే ఇచ్చి, ఫైళ్ళను వెనుకకు కాపీ చేయండి. ఆ తరువాత కూడా బయటి నకలును తుడిచివేయవద్దు.

మూడు చోట్ల ఆగిపోవలసి ఉంటుంది. సి కి, ఖాళీకి మధ్య రికవరీ పార్టిషన్ కనబడితే దానిని తొలగించవద్దు, తెలిసినవారి సహాయం కోరండి. డిస్కును డైనమిక్‌గా మార్చమంటారా అని ప్రశ్న వస్తే వద్దని చెప్పండి. పాత పద్ధతి పట్టిక గల డిస్కులో ఖాళీ చోటు చుట్టూ ఆకుపచ్చ గీత కనబడితే అది ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పెట్టెలోపలి ఖాళీ అని అర్థం. ఆ పెట్టె ఉన్నంతవరకు సి కి ఆ చోటు అందదు.

డి ని తొలగించకుండానే దాని ఎడమ అంచును జరిపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. జీపార్టెడ్ అనేది ఉచితంగా లభిస్తుంది. ఎడమ అంచు జరగాలంటే లోపలి సమాచారమంతా క్రొత్త చోటుకు తరలాలి. అందుకు గంటలు పట్టవచ్చును. మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ మిగులుతాయి. నకలు లేకుండా దానికి పూనుకొనరాదు.

సి ని తగ్గించాలనుకొనేవారికి మరొక సందేహం కలుగుతుంది. 60 జి.బి. ఖాళీ ఉన్నా 12 మాత్రమే తగ్గించగలనని విండోస్ చెప్పవచ్చును. ఖాళీ చోటు చివరన కదల్చరాని సిస్టమ్ ఫైలు ఒకటి ఉండి ఉంటుంది. అంతకు మించి తగ్గించమని బలవంతపెట్టకపోవడమే మేలు.

కార్యాలయ కంప్యూటర్ల విషయం

పైన చెప్పినదంతా ఇంటి కంప్యూటర్లకు మాత్రమే. కార్యాలయ కంప్యూటరులో ఉన్న సమాచారం సంస్థది. అందులో గోడలు జరపడం గాని, ఫైళ్ళు బయటి డిస్కుకు ఎక్కించడం గాని మన స్వంత నిర్ణయంతో చేయరాదు. సిస్టమ్స్ విభాగం వారికి తెలియజేయడమే మన కర్తవ్యం. ఇంకను విండోస్ 10 వాడుతున్న గృహాలవారు దాని ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినదని గుర్తుంచుకోవాలి. విండోస్ 11కు మారేందుకు కనీసం 64 జి.బి. డిస్కు ఉండాలని మైక్రోసాఫ్ట్ నిర్దేశించింది. యంత్రం ఆ క్రొత్తదానికి తగినదో కాదో తెలుసుకొని, తరువాతనే చోటు సర్దుబాటుకు శ్రమపడటం మంచిది.

నెలకు ఒక్క అరగంట

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ ప్రజలు లక్షలాదిగా ఊరు విడిచి వెళ్ళారు. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు గారు నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, జోన్ల అధికారులకు నిర్ణయాధికారమిచ్చి, వారిని ప్రతిదినం వీధులలో తిరిగి పని చూసేలా చేశారు. 1996 నాటికి ఇన్‌టాక్ సంస్థ దీనిని దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా పేర్కొన్నది. అక్కడ హద్దులు గీయడం పనికి సాయపడింది. చెత్త తీసినది మాత్రం ప్రతిదినపు చీపురే.

ఇంటి కంప్యూటరుకు ప్రతిదినం అవసరం లేదు. నెలకు ఒక ఆదివారం అరగంట చాలును. పది నిమిషాలు డౌన్‌లోడ్స్ సర్దండి. పది నిమిషాలు ఆ నెల ఫోటోలను డి కి చేర్చండి. మిగిలిన పది నిమిషాలు బయటి డిస్కును తగిలించి క్రొత్తవి కాపీ చేయండి. పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకుంటే ఏ ఫోటోలో ఎవరున్నారో వారికీ తెలుస్తుంది. ఏది ఉంచాలో ఏది తీయాలో యంత్రం చెప్పలేదు, ఇంటివారే చెప్పాలి.

వచ్చే సంచికలో, కాపీ చేసిన ఫోటోలకు సంవత్సరం, ఊరు, మనుషుల పేర్లు చేర్చి, పదేళ్ళ తరువాత కూడా వెదకగానే దొరికేలా అమర్చుకొనే విధానాన్ని ముచ్చటించుకుందాం. ఈ విషయమై మీ సందేహాలను సంపాదకవర్గం ద్వారా పంపండి. వ్రాసేటప్పుడు మీ డిస్కు మొత్తం ఎంత, సి లో ఎంత ఖాళీ, డి లో ఎంత ఖాళీ అన్న వివరాలు తప్పక తెలియజేస్తే సమాధానం చెప్పడం సులభమవుతుంది.